టెక్సస్ క్యాపిటల్ నిజంగా భూమి ఇచ్చి కట్టించుకున్నదేనా? గులాబీ రాయి, గుమ్మటం సంగతేంటి?

సరళరేఖ అడిగిన ప్రశ్న:

ఆస్టిన్‌లో ఉన్న టెక్సస్ రాష్ట్ర క్యాపిటల్, అంటే శాసనసభ భవనం, గురించి చదువుతుంటే కొన్ని సంగతులు ఒకదానితో ఒకటి పొసగడం లేదు. తెలిసినవాళ్లు కాస్త విడమరచి చెప్పండి.

"ప్రభుత్వం ఒక్క డాలరు ఇవ్వలేదు, 30 లక్షల ఎకరాలు రాసిచ్చి కట్టించుకుంది" అని ఒకచోట ఉంటుంది. ఇంకోచోట ఖర్చు 37 లక్షల డాలర్లు అంటారు. ఏది నమ్మాలి? రెండోది, మొదటి ప్లానులో సున్నపురాయి అయితే ఈ గులాబీ గ్రానైట్ ఎప్పుడు, ఎందుకు వచ్చింది? మూడోది, గుమ్మటం కూడా అదే రాయా? ఫొటోల్లో రంగు ఒకేలా ఉంది కానీ అంత ఎత్తున అంత రాయి పేర్చారంటే నమ్మబుద్ధి కావడం లేదు. వెళ్లినవాళ్లు లోపల ఏం గమనించాలో కూడా చెబితే మేలు. "అద్భుతం, తప్పక చూడండి" తరహా జవాబులు వద్దండీ, అవి ఇప్పటికే బోలెడున్నాయి.

దస్తావేజు:

రెండు అంకెలూ నిజమే. "ఒక్క డాలరు ఇవ్వలేదు" అన్న మాటే తప్పు.

ముందు భూమి ఎక్కణ్నుంచి వచ్చిందో చూడాలి. టెక్సస్ 1845లో అమెరికాలో చేరినప్పుడు తన ప్రభుత్వ భూముల్ని కేంద్రానికి అప్పగించలేదు, తన చేతిలోనే ఉంచుకుంది. అంతర్యుద్ధం తర్వాత ఖజానాలో డబ్బు లేదు, ఉత్తరాన పాన్‌హ్యాండిల్‌లో భూమి మాత్రం కావలసినంత ఉంది. అందుకని 1876 రాజ్యాంగంలోనే కొత్త క్యాపిటల్ కోసం 30 లక్షల ఎకరాలు విడిగా పెట్టారు. 1879లో శాసనసభ దాన్ని 30,50,000 చేసింది. ఆ పై 50,000 ఎకరాలు సర్వే ఖర్చు రాబట్టుకోవడానికి.

పని ఇంకా కాగితం మీద ఉండగానే 1881 నవంబర్ 9న పాత సున్నపురాయి భవనం కాలిపోయింది. 1853 నాటిది అది. పొయ్యి గొట్టాన్ని పొగ పోయే దారిలో కాకుండా గోడలోకి దూర్చడమే కారణమని చెబుతారు. దాంతో తొందర పెరిగింది. టెండర్లు పిలిస్తే వచ్చినవి రెండే. 1882 జనవరిలో ఇలినాయ్‌లోని రాక్ ఐలండ్‌కు చెందిన మథయస్ ష్నెల్‌కు కాంట్రాక్టు దక్కింది. ఆయన దాన్ని షికాగోకు చెందిన టేలర్, బాబ్‌కాక్ కంపెనీకి బదలాయించాడు. క్యాపిటల్ సిండికేట్ అని చరిత్రలో పేరుపడింది వీళ్లకే. సైటులో నిలబడి కట్టించింది మాత్రం గస్ విల్కీ అనే సబ్‌కాంట్రాక్టరు.

ఇప్పుడు లెక్క. మొదట అనుకున్న ఖర్చు 15 లక్షల డాలర్లు, అంటే ఎకరా 50 సెంట్లు పడుతుంది. తేలిన ఖర్చు 37,44,630 డాలర్ల 60 సెంట్లు. ఇందులో సుమారు 5 లక్షలు రాష్ట్రం భరించింది, మిగతాది సిండికేట్. అంటే వాళ్లకు ఎకరా డాలరు పైచిలుకు పడింది. "అంత భూమిని అప్పనంగా కొట్టేశారు" అనేవాళ్లు ఈ భాగహారం చేయరు. అలాగని సిండికేట్ నష్టపోయిందని కూడా తొందరపడి అనకూడదు, ఆ భూమి విలువ తర్వాత ఎంత పెరిగిందన్నది వేరే సంగతి.

భవనం లేచేలోపు భూమి ఊరికే పడి ఉండకూడదని దాన్ని పశువుల రాంచ్‌గా మార్చారు. అదే ఎక్స్‌ఐటీ (XIT) రాంచ్. పెట్టుబడి కోసం 1885లో లండన్‌లో కంపెనీ పెట్టి బ్రిటిష్ మదుపరుల దగ్గర డబ్బు సేకరించారు. పది కౌంటీల్లో పరచుకుంది కాబట్టి "టెక్సస్‌లో పది" (రోమన్ అంకెల్లో X అంటే పది) అనే అర్థంతో ఆ పేరు పెట్టారన్న కథ తరవాత అల్లిందే. పశువుల ఒంటి మీద కాల్చేందుకు దొంగలు సులువుగా మార్చలేని ముద్ర కావాలని ఆ మూడు అక్షరాలు ఎంచుకున్నారన్న వివరణే నమ్మదగింది.

రాతిపొడి:

రాయి సంగతి నేను చెబుతాను. భవనం ఇవాళ కనిపిస్తున్న తీరుకు సగం కారణం ఆ రాయి మార్పే.

కాంట్రాక్టులో ఉన్నది ఆస్టిన్ పక్కనే ఓట్‌మన్‌విల్‌లో, అంటే ఇప్పటి ఓక్ హిల్‌లో, దొరికే సున్నపురాయి. 1882 ఫిబ్రవరి 1న తవ్వకం మొదలైంది. క్వారీ నుంచి తెచ్చిన దిమ్మలు గాలికి పెట్టాక గోధుమరంగు మరకలు తేలాయి. కారణం రాయిలో కలిసిన ఇనుప గంధకం, పైరైట్. క్వారీలో, గాలి తగలనంత వరకు అది నిద్రపోతూ ఉంటుంది. తడి, గాలి తగలగానే తుప్పుగా మారుతుంది. ఆ క్రమంలో పుట్టే ఆమ్లం సున్నపురాయినే తినడం మొదలుపెడుతుంది. అంటే ఇది కడిగితే పోయే మరక కాదు, లోపలి నుంచి మళ్లీ మళ్లీ ఊరుతుంది. బయటి గోడకు అలాంటి రాయి పనికిరాదు.

కాంట్రాక్టరు వైపు నుంచి ఇండియానా సున్నపురాయి తెప్పిద్దామన్న ప్రతిపాదన వచ్చింది. చెక్కడానికి మెత్తగా ఉంటుంది, రంగు నిలకడగా ఉంటుంది, వాళ్లకు అలవాటైన రాయి. గవర్నర్ జాన్ ఐర్లండ్ ససేమిరా అన్నాడు, టెక్సస్ భవనానికి టెక్సస్ రాయే కావాలన్నాడు. అప్పుడు బర్నెట్ కౌంటీలో మార్బుల్ ఫాల్స్ దగ్గరున్న గ్రానైట్ మౌంటెన్ యజమానులు రాయిని ఉచితంగా ఇస్తామన్నారు. 1885 మార్చి 2న, అంటే టెక్సస్ మెక్సికో నుంచి విడివడిన స్వాతంత్ర్య దినాన, శంకుస్థాపనకు పెట్టిన మూలరాయి గ్రానైట్‌దే. దాని బరువు దాదాపు 12,000 పౌండ్లు.

గ్రానైట్ మౌంటెన్ అంటే కొండ కాదు, నేల చీల్చుకుని పైకి తేలిన ఒకే బోడి బండ. వయసు వంద కోట్ల ఏళ్లకు పైనే. ఆ గులాబీ రంగు అందులోని పొటాష్ ఫెల్డ్‌స్పార్ అనే ఖనిజానిది. పైపూత కాదు, స్ఫటికంలోనే ఉంది, అందుకే వెలవదు.

ఉచితంగా వచ్చిన రాయి ఉచితంగా ఆస్టిన్ చేరదు కదా. బర్నెట్ నుంచి బండ దగ్గరికి సుమారు 16 మైళ్ల సన్న గేజి రైలుమార్గం వేయాల్సి వచ్చింది. మొత్తం 15,000 వ్యాగన్లకు పైగా గ్రానైట్ తరలించారని లెక్క. దారిలో జారిపడ్డ దిమ్మలు కొన్ని బ్రషీ క్రీక్ వంతెన దగ్గర వాగులో ఇప్పటికీ పడి ఉన్నాయి. అంత బరువును మళ్లీ పైకెత్తే ఖర్చుకంటే కొత్తది తవ్వడమే చవక.

అసలు దెబ్బ డిజైన్‌కు తగిలింది. ఆర్కిటెక్ట్ డెట్రాయిట్‌కు చెందిన ఎలైజా మైయర్స్. మిషిగన్, కొలరాడో క్యాపిటల్స్ కూడా ఈయనవే.  ఆయన గీసింది సున్నపురాయికి తగ్గ నగిషీలు. గ్రానైట్‌లో అవి చెక్కాలంటే ఉలులు అరిగిపోతాయి, రోజులు కరిగిపోతాయి. అందుకని అలంకారాలు తగ్గించారు, పక్క వాకిళ్ల మంటపాలు ఎగరగొట్టారు. ఈ భవనం ముఖం బరువుగా, నిరాడంబరంగా ఉందంటే అది శైలి మీద మోజుతో చేసింది కాదు, రాయి గట్టిదనం అలా చేయించింది. పునరుజ్జీవన శైలి అని పుస్తకాల్లో రాస్తారు, సరే. దగ్గరికెళ్లి చూస్తే రాతికి లొంగిన శైలి. నా దృష్టిలో ఇదే మేలు జరిగింది, ముందు గీసిన బొమ్మలో హడావుడి ఎక్కువ.

మైయర్స్‌కు ఇది మింగుడు పడలేదు. మార్పుల మీద, డ్రాయింగుల ఆలస్యం మీద గొడవలు ముదిరి 1886లో ఆయన్ని పని నుంచి తప్పించారు. తర్వాత కొలరాడోలోనూ అదే జరిగింది.

సరళరేఖ:

చాలా బాగా చెప్పారు, ధన్యవాదాలు. అయితే ఆ మరకల సున్నపురాయి ఏమైంది? అప్పటికే తవ్వింది పారేశారా? గ్రానైట్ చెక్కింది ఎవరు? ఏదో స్కాట్లండ్ గొడవ అని ఎక్కడో కనిపించింది.

రాతిపొడి:

పారేయలేదు. బయటికి కనిపించని చోట, అంటే నేలమాళిగ గోడల్లో, గ్రానైట్ ముఖానికి వెనకాల, లోపలి గోడల్లో వాడేశారు. మొత్తం సుమారు 4,000 వ్యాగన్ల సున్నపురాయి. వాననీళ్లు తగలని గోడలో పైరైట్ పెద్దగా హాని చేయదు. గోడ నిజానికి మూడు పొరలు: బయట గ్రానైట్, వెనక సున్నపురాయి, అక్కడక్కడ ఇటుక.

కూలిలెక్క:

చెక్కినవాళ్ల సంగతి ఈ భవనం ఫలకాల మీద రాయని భాగం. దస్తావేజు గారి లెక్కలో ఇదీ కలపాలి.

రాష్ట్రం తన వాటా కింద ఖైదీలను పంపింది. ఓట్‌మన్‌విల్ సున్నపురాయి క్వారీలో, గ్రానైట్ మౌంటెన్‌లో, రైలుమార్గం పనిలో వాళ్లే. ఓక్ హిల్‌లో కాన్విక్ట్ హిల్ అన్న పేరు అప్పటిదే. భవనం లోపలి పోత ఇనుప భాగాలు చాలావరకు రస్క్‌లో ఉన్న జైలు ఫౌండ్రీలో పోశారు. ఆ శ్రమకు బజారు కూలి కట్టి 37 లక్షలకు కలిపితే అంకె ఇంకెక్కడికో పోతుంది. ఆ కాలపు టెక్సస్ జైళ్లలో నల్లజాతివారి సంఖ్య జనాభాలో వాళ్ల పాలు కంటే చాలా ఎక్కువ. కాబట్టి "ఖైదీల శ్రమ" అన్న మాట వెనక ఎవరున్నారో ఊహించుకోవచ్చు.

ఖైదీలతో గ్రానైట్ చెక్కించడం ఏంటని గ్రానైట్ పనివారి సంఘం ఈ పనిని బహిష్కరించింది. వాళ్ల అభ్యంతరం సూటిగానే ఉంది: నేర్చిన పనికి జైలు కూలి పోటీ పెడితే రేటు ఎప్పటికీ లేవదు. అప్పుడు విల్కీ స్కాట్లండ్‌లోని ఆబర్డీన్ నుంచి మనుషుల్ని రప్పించాడు. ఆబర్డీన్ గ్రానైట్ పనికి పేరున్న ఊరు కాబట్టి అక్కడ వెతకడం సహజమే. న్యూయార్క్‌లో దిగగానే సంఘం మనుషులు ఎదురెళ్లి విషయం చెబితే కొందరు అక్కడే ఆగిపోయారు. మిగిలిన 62 మంది టెక్సస్ చేరారు.

చిక్కు ఏమిటంటే, విదేశాల్లో ముందే ఒప్పందం కుదుర్చుకుని కూలీలను దింపడాన్ని నిషేధిస్తూ 1885లోనే కేంద్రం చట్టం చేసింది. సంఘం కేసు వేయించింది, విల్కీ దోషిగా తేలాడు. జరిమానా 64,000 డాలర్లు, చివరికి కట్టింది మాత్రం 8,000. అప్పటికి భవనం పూర్తయి ఏళ్లు గడిచాయి. చట్టం గెలిచింది, రాయి మాత్రం వాళ్ల చేతులతోనే చెక్కబడింది.

తూకంరాయి:

గుమ్మటం మీద మీ అనుమానం సరైనదే. అది రాయి కాదు, ఇనుము. పోత ఇనుము, రేకు. కింద గ్రానైట్‌తో కలిసిపోయేలా రంగు వేశారు, అంతే. ఎండ వంకరగా పడినప్పుడు చూడండి: రాయి గోడ మీద ఫెల్డ్‌స్పార్ గింజలు మెరుస్తాయి, గుమ్మటం మీద ఆ మెరుపు ఉండదు, ఒకే మందకొడి రంగు.

ఇనుము ఎందుకంటే బరువు. రాతి గుమ్మటం తన బరువుతో అడుగున గోడల్ని బయటికి నెడుతుంది. ఆ నెట్టుడు ఆపాలంటే గోడలు ఇంకా లావు కావాలి, పునాది ఇంకా లోతు కావాలి. ఇనుప చట్రం అయితే బరువు నిట్టనిలువుగా దిగుతుంది. వాషింగ్టన్‌లోని అమెరికా క్యాపిటల్ గుమ్మటం కూడా పోత ఇనుమే, కాబట్టి 1880ల్లో ఇదేమీ కొత్త ప్రయోగం కాదు. పైగా గుమ్మటం ఒక్క డొప్ప కాదు, రెండు. రొటండాలో, అంటే గుమ్మటం కింది గుండ్రటి హాల్లో, నిలబడి తలెత్తితే కనిపించేది లోపలి డొప్ప. బయటి నుంచి కనిపించేది వేరే. మధ్య ఖాళీలో మెట్లున్నాయి, అవి జనానికి తెరవరు.

ఇనుముతో వచ్చే తంటా తుప్పు. ఎండకు రేకు సాగుతుంది, రాత్రికి ముడుచుకుంటుంది, అతుకుల దగ్గర రంగు పగులుతుంది, ఆ పగుల్లోకి నీళ్లు దిగుతాయి. కాబట్టి రాతి గోడ తన మానాన తను ఉంటుంది కానీ గుమ్మటాన్ని వదిలేస్తే కుదరదు, గీకి మళ్లీ రంగు వేస్తూనే ఉండాలి.

ఎత్తు: దక్షిణ వాకిలి దగ్గర నేల నుంచి పైన విగ్రహం చేతిలోని నక్షత్రం కొస దాకా 302.64 అడుగులు. అమెరికా క్యాపిటల్ 288. ఈ పద్నాలుగు పదిహేను అడుగుల తేడా గురించి టెక్సస్‌లో ఎవరైనా మీకు చెప్పకుండా వదిలిపెట్టరు. పొడవు 566 అడుగులు, వెడల్పు 288. గదులు 392, కిటికీలు 924, తలుపులు 404.

పైన ఉన్న స్వేచ్ఛాదేవత విగ్రహం సుమారు 16 అడుగులు. 1888 ఫిబ్రవరిలో పెట్టిన మొదటిది జింకు పోత. దగ్గరగా చూస్తే ముఖం వికారంగా, మోటుగా ఉంటుంది. మూడు వందల అడుగుల కింద నుంచి చూసేవాళ్లకు కళ్లూ ముక్కూ ఆనాలని అలా పెంచి చేశారు. జింకు వందేళ్ల ఎండావానలకు పగుళ్లిచ్చింది. 1985లో దించేసి, దాని అచ్చులతోనే అల్యూమినియం ప్రతి పోయించి 1986 జూన్‌లో ఎక్కించారు. హెలికాప్టర్‌తో గాలిలో వేలాడుతున్న విగ్రహాన్ని కింది ఇరుసు మీద సూటిగా దించడం అంత తేలిక కాలేదు. టెక్సస్ నేషనల్ గార్డ్ ప్రయత్నాలు ఫలించక మిసిసిప్పి గార్డ్ హెలికాప్టర్ వచ్చి పని పూర్తి చేసింది. పాత విగ్రహం ఇప్పుడు దగ్గర్లోనే బుల్లక్ మ్యూజియంలో ఉంది, ఆ ముఖం సంగతి అక్కడ ఎదురుగా చూడొచ్చు.

ఇంకొకటి. 1888 మేలో ప్రారంభోత్సవాలు ఘనంగా జరిగాయి, ఒకప్పటి టెక్సస్ రిపబ్లిక్ అధ్యక్షుడు శామ్ హ్యూస్టన్ కొడుకు టెంపుల్ హ్యూస్టన్ ప్రసంగించాడు. కానీ రాగి పైకప్పు కారుతోంది. దాదాపు 85,000 చదరపు అడుగుల కప్పు అది. బాగు చేసేదాకా రాష్ట్రం భవనాన్ని లాంఛనంగా తీసుకోలేదు, డిసెంబర్‌లో గానీ తాళాలు చేతులు మారలేదు. అందుకే పూర్తయిన తేదీ ఒక్కో చోట ఒక్కోలా కనిపిస్తుంది: ఏప్రిల్‌లో జనానికి తెరిచారు, మేలో ప్రారంభోత్సవం, డిసెంబర్‌లో అప్పగింత. మీరు రాసేటప్పుడు ఏ తేదీ దేనిదో చెప్పండి.

కప్పుకింద:

1888 దగ్గర ఆపేస్తే ఇప్పుడు లోపలికెళ్లి చూసేది అర్థం కాదు. ఈ భవనం 1983 ఫిబ్రవరి 6న దాదాపు చేజారిపోయింది. సెనేట్ వెనక లెఫ్టినెంట్ గవర్నర్ నివాసంలో నిప్పు అంటుకుంది, ఒకరు చనిపోయారు. వందేళ్లలో ఎవరికి తోచినట్టు వాళ్లు పెద్ద గదుల్ని చీల్చి, మధ్యంతస్తులు దూర్చి, సీలింగులు కిందికి దించి, వైర్లు లాగారు. అలా మిగిలిన బోలు సందుల్లో పొగ, మంట ఎటు పాకుతున్నాయో పట్టుకోవడమే కష్టమైంది.

దాని ఫలితం రెండు పనులు. అదే ఏడాది స్టేట్ ప్రిజర్వేషన్ బోర్డు ఏర్పడింది. అప్పటి నుంచి ఒక మేకు కొట్టాలన్నా దాని అనుమతి కావాలి. రెండోది, చోటు చాలకపోవడమే జబ్బు మూలమని గుర్తించి ఉత్తరం వైపు నేల తవ్వి భూగర్భంలో 6,67,000 చదరపు అడుగుల విస్తరణ కట్టారు. 7.5 కోట్ల డాలర్లతో 1993 జనవరిలో తెరిచారు. పాత భవనం 3,60,000 చదరపు అడుగులే. అంటే కింద దాచింది పైన కనిపించేదానికి దాదాపు రెట్టింపు. పైన కట్టి ఉంటే ఉత్తరం వైపు గుమ్మటం కనుమరుగయ్యేది. ఆఫీసులు కిందికి దిగాక పైన అడ్డుగోడలు పీకేసి 1888–1915 మధ్య ఉన్న రూపానికి తెచ్చారు. ఆ పునరుద్ధరణ ఖర్చు 9.8 కోట్లు, 1995కి ముగిసింది.

చూడటానికి వెళితే: లోపలికి ఉచితం, తనిఖీ ఉంటుంది. 11వ వీధి వైపు దక్షిణ ద్వారం నుంచి ఎక్కండి. రొటండా గచ్చు 1888 నాటిది కాదు, టెక్సస్ శతాబ్ది సంబరాలకు 1936లో వేసిన మొజాయిక్. అంతకుముందు అక్కడ నేలమాళిగలోకి వెలుతురు దిగడానికి గాజు పలకలుండేవి. గచ్చు మీద టెక్సస్‌ను ఏలిన ఆరు ప్రభుత్వాల ముద్రలు: స్పెయిన్, ఫ్రాన్స్, మెక్సికో, టెక్సస్ రిపబ్లిక్ (విడి దేశంగా ఉన్నప్పటిది), కాన్ఫెడరసీ (అంతర్యుద్ధంలో విడిపోయిన దక్షిణ రాష్ట్రాల కూటమి), అమెరికా. మధ్యలో నిలబడి తలెత్తితే 218 అడుగుల పైన చిన్న నక్షత్రం కనిపిస్తుంది. అది చిన్నది కాదు, కొస నుంచి కొసకు ఎనిమిది అడుగులు. ఆ పోలికతో ఎత్తు ఒంటికి తెలుస్తుంది. చప్పట్లు కొడితే ప్రతిధ్వని ఆ మధ్య బిందువులోనే బాగా వస్తుంది, రెండడుగులు జరిగితే పోతుంది.

తలుపు బందులు వంగి చూడండి. కనెక్టికట్‌లోని సార్జెంట్ కంపెనీ ఈ భవనం కోసమే పోసినవి, ఒక్కోటి ఏడు పౌండ్లకు పైనే, వాటి మీద "టెక్సస్ క్యాపిటల్" అని చెక్కి ఉంటుంది. సభల్లో షాండిలియర్ల బల్బులు టెక్సస్ పేరు అక్షరాల్లో అమర్చి ఉంటాయి. రెండో అంతస్తులో పడమర ప్రతినిధుల సభ, 150 మంది. తూర్పున సెనేట్, 31 మంది. సందర్శకుల గ్యాలరీలకు మూడో అంతస్తు నుంచి వెళ్లాలి, చాలామంది రెండోదానిలోనే తిరిగి వచ్చేస్తారు. మామూలు సమావేశాలు చూడాలంటే బేసి సంవత్సరాల్లోనే వెళ్లాలి. జనవరి రెండో మంగళవారం మొదలై 140 రోజులు మించదు. ప్రశాంతంగా కొలతలు, బందులు చూడాలంటే సరి సంవత్సరమే నయం.

సరళరేఖ:

ఇంతకన్నా ఏం కావాలి! ఒక్కటే మిగిలింది. రొటండా చుట్టూ గవర్నర్ల చిత్రపటాల పాత ఫొటోలకూ కొత్త ఫొటోలకూ పటాల స్థానాలు మారి ఉన్నాయి. పునరుద్ధరణలో తారుమారు అయ్యాయా?

కప్పుకింద:

లేదండీ, ఉద్దేశపూర్వకమే. తాజా మాజీ గవర్నర్ పటం కింది అంతస్తు వరుసలో మొదటి చోట పెడతారు. దానికి చోటివ్వడానికి మిగతావన్నీ ఒక్కో స్థానం వెనక్కి జరుగుతాయి, వరుస నిండితే పై అంతస్తుకు ఎక్కుతాయి. రిపబ్లిక్ అధ్యక్షుల పటాలతో సహా అన్నీ కదలాల్సిందే. కాబట్టి మీ దగ్గరున్న ఫొటో ఏ కాలానిదో తెలియకపోతే మొదటి చోట ఎవరున్నారో చూడండి, ఏ గవర్నర్ దిగిపోయాక తీసిందో తేలిపోతుంది.